నేల కింద నీరు, నేల మీద పూత

కారు షెడ్డు నేలకు ఏ పూత ఎక్కువకాలం నిలుస్తుందని అడిగితే రంగుల కొట్లో జవాబు డబ్బాల పేర్లతో మొదలవుతుంది. ఎపాక్సీ, పాలీయూరితేన్, ఈమధ్య వచ్చిన పాలీయాస్పార్టిక్. ఏది గట్టిది, ఏది మెరుస్తుంది, దేనికి ఎన్నేళ్ళ గ్యారంటీ అన్న చుట్టే మాటలు తిరుగుతాయి. ఇవన్నీ తెలుసుకోవలసినవే. కానీ వేటపాలెం లాంటి ఊళ్ళో ఇవి రెండో ప్రశ్నకు సంబంధించినవి. కాంక్రీటు కింద ఉన్న ఇసుకలో నీరు ఎంత లోతున ఉంది, ఆ నీరు ఆవిరై పైకి వచ్చే దారిని మనం మూస్తున్నామా, వదిలేస్తున్నామా అన్నది మొదటి ప్రశ్న. నేల పూత చక్రాల కింద అరిగి పోవడం తక్కువ, అడుగు నుంచి లేచి పోవడం ఎక్కువ. లేచిపోవడానికి కారణాలు వెతికితే మళ్ళీ మళ్ళీ రెండే కనిపిస్తాయి: ఒకటి చెమ్మ, రెండోది బలం లేని సిమెంటు పైపొర. ఈ రెండూ డబ్బాలో ఉండవు, నేలలోనే ఉంటాయి. అందుకే పూత ఎంపిక నేల పరీక్షతో మొదలవ్వాలనీ, ఆ పరీక్షలో తప్పిన నేలకు ఎంత ఖరీదైన పూతా వేయకపోవడమే మంచిదనీ నా వాదన.

2022 ఏప్రిల్ దాకా ప్రకాశం జిల్లాలో ఉండి, ఆ తర్వాత బాపట్ల జిల్లాలోకి వచ్చిన వేటపాలెం ఇసుక నేల మీద కట్టిన ఊరు. తూర్పున కొద్ది దూరంలో రామాపురం సముద్రతీరం. దక్షిణంగా వెళితే చినగంజాం ఉప్పు కొఠార్లు. పెదగంజాం దగ్గర కొమ్మమూరు కాలువ బకింగ్‌హాం కాలువలో కలుస్తుంది. ఇటువంటి చోట నీరు పైపైనే ఉంటుంది. దానికి బోరు లెక్కలు తీయనక్కర్లేదు, నేతగాళ్ళ ఇళ్ళు చూస్తే చాలు. చీరాల, జాండ్రపేట, వేటపాలెం, పందిళ్ళపల్లి వీధుల్లో గుంటమగ్గం దగ్గర నేత మనిషి కాళ్ళు పెట్టుకునే గుంట ఉంటుంది. గట్టి వానలు పడితే ఆ గుంటలోకి ఊట వస్తుంది, గుంట ఆరేదాకా నేత ఆగిపోతుంది. 2010 మే నెలలో లైలా, 2023 డిసెంబరు 5న మిచాంగ్, రెండు తుపాన్లూ బాపట్ల దగ్గరే తీరం దాటాయి. మగ్గం గుంటలో ఊట వచ్చే వీధిలో పక్కింటి కారు షెడ్డు కింద ఇసుక పొడిగా ఉంటుందనుకోవడం కుదరదు. పైనుంచి నీరు కనపడదు, అంతే తేడా. సన్న ఇసుకలో నీరు సూదిరంధ్రాల గుండా అడుగుకు పైగానే ఎక్కుతుంది, ఆపైన ఆవిరిగా మారి కాంక్రీటు గుండా సాగుతుంది. నాలుగంగుళాల కాంక్రీటు బెడ్ చూడటానికి రాయిలాగే ఉన్నా ఆవిరికి అది అడ్డు కాదు.

పూత లేని నేల మీద ఈ ప్రయాణం ఎవరికీ తెలియదు. వచ్చిన ఆవిరి వచ్చినట్టే గాలిలో కలిసిపోతుంది. నేలను ప్లాస్టిక్ లాంటి పొరతో కప్పగానే దారి మూసుకుపోయి, చెమ్మ ఆ పొర అడుగున చేరుతుంది. కాంక్రీటులో సున్నపు క్షారం, ఉప్పులు కరిగి ఉంటాయి కాబట్టి అలా చేరిన నీరు మంచినీరు కాదు, గాఢమైన క్షారద్రవం. పల్చని ఎపాక్సీ పొరకూ కాంక్రీటుకూ మధ్య చిక్కుకున్న ఈ ఉప్పునీరు కింద ఉన్న పల్చటి నీటిని తనలోకి లాక్కుంటుంది. ద్రవాభిసరణం అని బడిలో చదువుకున్నది ఇదే. చిన్న బుడగ పుడుతుంది, నెలలు గడిచేకొద్దీ అది రూపాయి బిళ్ళంత అవుతుంది, చక్రం ఎక్కగానే పగులుతుంది. పగిలిన బుడగలో జిగురుగా కనిపించే ద్రవాన్ని చూసి పూత సరిగ్గా గట్టిపడలేదని మేస్త్రీని తిడతారు. మేస్త్రీ కలపడంలో తప్పు ఉంటే ఉండవచ్చు, కానీ వేసిన కొన్ని నెలల దాకా బాగుండి కార్తీకంలో పొంగిన పూతకు మొదట అనుమానించవలసింది నేల కింది నీటిని.

ఈ కార్తీకం సంగతి మరికొంత వివరంగా చూడాలి, ఎందుకంటే పరీక్ష ఎప్పుడు చేయాలన్నది ఇక్కడే తేలుతుంది. చెమ్మ ఉందో లేదో చూసే చవక పరీక్ష ఒకటి అందరికీ అందుబాటులో ఉంది. 45 సెంటీమీటర్ల చదరం మందపాటి ప్లాస్టిక్ కాగితాన్ని నాలుగు అంచులా టేపుతో నేలకు అతికించి 16 గంటలు వదిలేసి, ఎత్తి చూడాలి. కాగితం అడుగున చెమట పట్టినా, కాంక్రీటు రంగు ముదిరినా చెమ్మ ఉన్నట్టు. అమెరికా ప్రమాణాల సంస్థ ఏఎస్‌టీఎం దీన్ని డి4263 పేరుతో పద్ధతిగా రాసిపెట్టింది. దీని లోపం ఏమిటంటే, ఆ రోజు, ఆ పైపొరలో ఉన్నదే చెబుతుంది. ఏప్రిల్, మే నెలల్లో తీరం నేలలు పైన ఎండి ఉంటాయి, నీటిమట్టం దిగి ఉంటుంది, పరీక్ష నెగ్గుతుంది, ఆ ధైర్యంతో పూత వేస్తారు. ఈ తీరానికి ఈశాన్య రుతుపవనాల వానలు అక్టోబరు, నవంబరుల్లో వస్తాయి, అప్పుడు నీటిమట్టం లేస్తుంది. కాబట్టి వేటపాలెంలో పూత వేసేది ఆ వానలు వెళ్ళాకే అయినా పరీక్ష అంతకు ముందు నవంబరులో జరిగి ఉండాలి. ఒక వాన కాలం ఆగడానికి ఓపిక లేనివారికి ఇంకో పద్ధతి ఉంది: కాంక్రీటు మందంలో పదింట నాలుగు వంతుల లోతుకు సన్నని రంధ్రం చేసి, అందులో తేమకొలిచే కడ్డీ పెట్టి లోపలి తేమ శాతం చూడటం. పైవైపు నుంచి మాత్రమే ఆరే నేలలో, పైన మూసేశాక చెమ్మ ఎలా సర్దుకుంటుందో ఈ లోతు చెబుతుంది కాబట్టే ఆ లోతు ఎంచుకున్నారు. పూత తయారీదార్లు సాధారణంగా 75 నుంచి 80 శాతం వరకే ఒప్పుకుంటారు. ఈ కొలత కూడా వేసవిలో తీస్తే కొంత మోసమే, కానీ ప్లాస్టిక్ కాగితం కన్నా నయం.

నీటితోపాటు ఉప్పు సంగతి కూడా ఉంది. ఐఎస్ 456:2000 ప్రకారం కాంక్రీటు కలిపే నీటిలో క్లోరైడు ఇనుము లేని పనికి లీటరుకు 2000 మిల్లీగ్రాములు, ఇనుము ఉన్న పనికి 500 మిల్లీగ్రాములు దాటకూడదు. తీరం పక్కన బోరు నీటితో, దగ్గర్లో తవ్విన ఇసుకతో వేసిన బెడ్‌లలో ఈ హద్దులు ఎవరు చూశారు? ఉప్పు పట్టిన కాంక్రీటు గాలిలోని తేమనే పీల్చుకుంటుంది, కింది నీరు తోడైతే తెల్లని పొడి పైకి పొంగుతుంది. ఆ తెల్లపొడి కనిపించిన నేలను కడిగి, ఆరబెట్టి, రంగు వేయడం చాలాచోట్ల జరిగేదే. పొడి కడిగితే పోతుంది గానీ దాన్ని తెచ్చిన దారి పోదు. ఇదే జిల్లాలో కాస్త లోపలికి పర్చూరు, ఇంకొల్లు వైపు, జిల్లా దాటి ఇంకా పైన చిలకలూరిపేట వైపు వెళితే సమస్య పూర్తిగా మారిపోతుంది. పత్తి, మిరప పండే ఆ నల్లరేగడి తడిస్తే ఉబ్బుతుంది, ఎండితే బీటలు వారుతుంది, దాంతో మీది బెడ్ కదులుతుంది. అక్కడ పూతకు శత్రువు బుడగ కాదు, పగులు. కింద కాంక్రీటు పగిలితే మీద 300 మైక్రాన్ల పొర దాన్ని పట్టి ఉంచలేదు, అదే గీతలో చీలుతుంది. ఇరవై, ముప్ఫై కిలోమీటర్ల తేడాలో ఒకే డబ్బా రెండు వేరు కారణాలతో ఓడిపోతుందంటే, ఊరూపేరూ అడగకుండా ఇచ్చే గ్యారంటీకి ఏం విలువ ఉంటుంది?

రెండో కారణం పైపొర బలహీనత. బెడ్ వేసిన రోజు నీరు పైకి తేలుతుంది, తాపీ మేస్త్రీ ఆ తడి మీద పొడి సిమెంటు చల్లి నున్నగా రుద్దుతాడు. చూడటానికి అద్దంలా ఉంటుంది, కానీ ఆ అరమిల్లీమీటరు పొరకు కింది కాంక్రీటు బలం ఉండదు. పూత ఎంత గట్టిగా పట్టుకున్నా పట్టుకునేది ఆ పెచ్చునే, పెచ్చుతో సహా లేస్తుంది. ఊడిన పూత ముక్కను తిప్పి చూస్తే అడుగున బూడిద రంగు సిమెంటు అంటుకుని ఉంటే తప్పు పూతది కాదని అర్థం. మంచి నేల పూతకు కింది పొర లాగుడు బలం చదరపు మిల్లీమీటరుకు కనీసం 1.5 న్యూటన్లు ఉండాలన్నది ఈ రంగంలో అందరూ పాటించే కొలత. ఇది సాధించే మార్గం డైమండ్ గ్రైండింగ్, వజ్రపు పళ్ళెంతో ఆ బలహీనపు పెచ్చును అరగదీయడం. మన ఊళ్ళలో చవకని యాసిడ్ పోసి కడగడం వాడుక. యాసిడ్ పైపైన గరుకు చేస్తుంది, కానీ హైడ్రోక్లోరిక్ ఆమ్లం వెనక క్లోరైడును వదులుతుంది. ఉప్పుతోనే బాధపడే తీరపు నేలకు మనమే ఇంకొంత ఉప్పు పోసినట్టు. పైగా కడిగిన నీరు కాంక్రీటులోకి ఇంకి, ఆరబెట్టే రోజులు పెంచుతుంది. నూనె పట్టిన మచ్చల మీద యాసిడ్ అసలు పని చేయదు. ఆ మచ్చను ముందు డిటర్జెంట్‌తో తీసి, తర్వాతే గ్రైండింగ్ చేయాలి. నేల మీద నీటిబొట్టు వేస్తే ముత్యంలా నిలిచిందంటే ఇంకా నూనె ఉన్నట్టు. ఇంకితే ముందుకు పోవచ్చు.

ఇప్పుడు డబ్బాల దగ్గరికి రావచ్చు. ఎపాక్సీ 1930లలో స్విట్జర్లాండ్‌లో పియర్ కాస్తాన్ కట్టుడు పళ్ళ కోసం చేసిన ప్రయోగాల నుంచి పుట్టింది. కాంక్రీటును పట్టుకునే గుణంలో దాన్ని మించింది ఇప్పటికీ లేదనవచ్చు. ఎండ తగిలితే పసుపెక్కుతుంది, పైన సుద్దలా రాలుతుంది, కాబట్టి ముందు తెరిచి ఉన్న పోర్టికోలో దాన్ని ఒంటరిగా వదలకూడదు. మన ప్రాంతంలో ఇంకో సమస్య వేడి. మామూలుగా గది ఉష్ణోగ్రతలో గట్టిపడిన ఎపాక్సీలు 50, 60 డిగ్రీల మధ్యలో మెత్తబడడం మొదలవుతాయి. మే నెల మధ్యాహ్నం ఒంగోలు నుంచి వచ్చిన కారు టైరు ఆ హద్దును తేలిగ్గా దాటుతుంది. టైరులోని మెత్తదనపు నూనెలు ఆ వేడిలో పూతలోకి దిగుతాయి, కారు చల్లారేకొద్దీ టైరు కుంచించుకుని పూతను పట్టి లాగుతుంది. టైరు నిలిచిన నాలుగు చోట్లే పూత ఊడిందంటే ఇదే కారణం. నీటితో కలిపే చవక ఎపాక్సీలు, అక్రిలిక్ నేల రంగులు దీనికి ముందు బలవుతాయి. పాలీయూరితేన్‌ను జర్మనీలో ఒట్టో బేయర్ 1937లో తయారు చేశాడు. దాని అలిఫాటిక్ రకం ఎండకు రంగు మారదు, గీతలు తక్కువ పడతాయి. పాలీయాస్పార్టిక్ 1990లలో వాడకంలోకి వచ్చింది, గంటల్లో ఆరుతుంది. ఆ వేగమే వేటపాలెం ఎండలో దానికి లోపమూ అవుతుంది, ఎందుకంటే రోలర్ తిప్పే లోపే చిక్కబడుతుంది. కాబట్టి నేల పరీక్ష నెగ్గినచోట నేను ఒప్పుకునే కూర్పు ఒకటే: పట్టు కోసం కింద ద్రావకం లేని ఎపాక్సీ ప్రైమరూ దాని మీద మరో కోటింగూ, ఎండకూ టైరుకూ తట్టుకునేందుకు పైన అలిఫాటిక్ పాలీయూరితేన్, వానలో జారకుండా మధ్యలో చల్లిన సన్నని గాజు ఇసుక.

ఈ కూర్పులో వేటపాలేనికి నేరుగా సంబంధమున్న విషయం ఒకటుంది, దాన్ని గురించి ఈ ఊళ్ళో ఎక్కువ మాట వినపడకపోవడం నాకు బాధగానే ఉంటుంది. జీడిపప్పుకు పలాస, మోరి పేర్లతో పాటు చెప్పే పేరు వేటపాలెం. గింజ పగలగొట్టాక మిగిలే పెంకులో నాలుగో వంతు దాకా చిక్కని, ఘాటైన నూనె ఉంటుంది. ఒలిచే ఆడవాళ్ళ వేళ్ళు నల్లబడి పొక్కేది ఆ నూనె వల్లనే. దాన్ని వేడి చేస్తే కార్డనాల్ అనే పదార్థం వస్తుంది. కార్డనాల్‌ను ఫార్మాల్డిహైడ్‌తో, అమీన్‌తో కలిపి ఫినాల్కమైన్ అనే గట్టిపరిచే ద్రవం చేస్తారు. ఎపాక్సీలో రెండో డబ్బాగా వచ్చేది ఇలాంటి ద్రవమే. ఫినాల్కమైన్‌తో గట్టిపడిన ఎపాక్సీ చెమ్మగాలిలో కూడా సరిగ్గా ఆరుతుంది, ఉప్పునీటిని ఓర్చుకుంటుంది, అందుకే ఓడల లోపలి నీటి ట్యాంకులకు వాడతారు. ముదురు ఎరుపు గోధుమరంగు దీని లోపం, ఎండలో ఆ రంగు మరింత ముదురుతుంది, కాబట్టి పైన ఇంకో పొర తప్పదు. తీరపు చెమ్మ నేలకు ప్రైమర్‌గా మామూలు అమీన్ ఎపాక్సీ కన్నా దీన్ని అడిగి తెప్పించుకోవడం నయం. అయితే ఒక జాగ్రత్త చెప్పాలి. ఫినాల్కమైన్ తడిగా ఉన్న నేల మీద పట్టుకోగలదు, అంతవరకే. ఏడాది పొడుగునా కింద నుంచి తోసుకొచ్చే ఆవిరిని ఆపుతుందని ఎవరైనా చెబితే నమ్మకూడదు. తడిని ఓర్చుకోవడం వేరు, తడిని అడ్డుకోవడం వేరు. అడ్డుకోవడానికి ప్రత్యేకంగా తయారైన, మందంగా రెండు పూతలు వేయవలసిన ఎపాక్సీలు వేరే ఉన్నాయి. అవి పనిచేస్తాయి, కానీ నేలను బాగా అరగదీసి, పిన్నుమొన అంత రంధ్రం కూడా మిగలకుండా వేస్తేనే. చిన్న కారు షెడ్డుకు ఆ ఖర్చు తగినదా అని అడిగితే నా జవాబు చాలాసార్లు కాదనే.

నా వాదనకు ఎదురుమాట ఒకటి గట్టిగానే వినబడుతుంది. హైదరాబాదు చుట్టూ మందుల ఫ్యాక్టరీల్లో, ఆసుపత్రుల్లో ఎపాక్సీ నేలలు ఏళ్ళ తరబడి నిగనిగలాడుతున్నాయి కదా, అమెరికాలో డల్లాస్ పక్కన ఫ్రిస్కో, ప్లేనోల్లో ఉన్న మన పిల్లల ఇళ్ళల్లో గ్యారేజీ నేలలు అద్దాల్లా ఉన్నాయి కదా అని. ఉన్నాయి, కాదనను. కానీ ఆ ఫ్యాక్టరీ నేల దక్కను రాతి మీది నేల, పద్ధతిగా కట్టినచోట కాంక్రీటు వేయకముందే కింద ప్లాస్టిక్ పట్టా పరిచి ఉంటుంది. గదికి ఏసీ ఉంటుంది, పూత మందం రెండు మూడు మిల్లీమీటర్లు, పైగా అది అరిగితే మళ్ళీ వేయడానికి నిర్వహణ బడ్జెట్ ఉంటుంది. డల్లాస్ చుట్టూ ఉన్న నేల మన నల్లరేగడికి దగ్గరి చుట్టమైన ఉబ్బే బంకమట్టి. అక్కడి ఇళ్ళ బెడ్‌లలో ఉక్కు తీగలు లాగి బిగించి పగుళ్ళను అదుపు చేస్తారు. అంటే వాళ్ళ పూత నిలవడం వెనక పూతకు ముందు జరిగిన పని ఉంది. వీడియోలో మనకు కనపడేది చివరి రోజు రోలర్ తిప్పడం మాత్రమే. రెండో ఎదురుమాట ఇంకా బలమైనది: చెమ్మను ఓర్చుకునే పూతలు లేవా అని. ఉన్నాయి. ఎపాక్సీ కలిపిన సిమెంటు పొర, పాలీయూరితేన్ సిమెంటు పొర, రెండూ ఆవిరిని కొంత వదులుతూ పట్టు నిలుపుకుంటాయి. జీడి ఫ్యాక్టరీ, రొయ్యల ప్లాంటు లాంటి చోట, రోజూ వేడినీళ్ళతో కడిగే నేలకు, ఆరేడు మిల్లీమీటర్ల పాలీయూరితేన్ సిమెంటు నిజంగా సరైన ఎంపిక. అక్కడ నేల శుభ్రం తినే వస్తువు శుభ్రంతో ముడిపడి ఉంది కాబట్టి ఖర్చుకు అర్థం ఉంది. ఒక కారు, రెండు మోటారు సైకిళ్ళు నిలిపే చోటికి అంత ఖర్చెందుకు?

నా అభిప్రాయంలో నవంబరు పరీక్షలో తప్పిన నేలకు పొర వేయకుండా నేలనే గట్టిపరచడం మేలు. లిథియం సిలికేటు, సోడియం సిలికేటు ద్రవాలు కాంక్రీటులోకి ఇంకి, అందులో మిగిలి ఉన్న సున్నంతో కలిసి, సిమెంటు గట్టితనానికి మూలమైన పదార్థాన్నే మరికొంత తయారు చేస్తాయి. పైన పొర ఉండదు కాబట్టి ఊడిపోయేదేమీ ఉండదు. ఆవిరి దారి ఆవిరిది. పొడి రాలడం ఆగుతుంది, ఊడ్చిన చీపురుకు దుమ్ము తగ్గుతుంది. దీని మీద అభ్యంతరాలు నిజమైనవే. నూనె మచ్చ పడితే నిలిచిపోతుంది, బ్యాటరీ యాసిడ్ పడితే కాంక్రీటును తినేస్తుంది, రంగు ఉండదు, ఉప్పు పొడి పొంగే చోట పొంగుతూనే ఉంటుంది. నూనెకు కార్డ్‌బోర్డు, రేకు, రంపపు పొట్టు ఉన్నాయి. రంగు కావాలంటే కొత్తగా వేసే బెడ్‌లోనే పై కోటింగుకు ఐరన్ ఆక్సైడు కలపవచ్చు. పాత ఇళ్ళలోని ఎర్ర గచ్చు అలాంటిదే, ఆ రంగు సిమెంటులో భాగం కాబట్టి పెచ్చుగా ఊడదు. లేదంటే బేతంచెర్ల, మాచర్ల బండలు ఉన్నాయి, ఒంగోలు దాటితే చీమకుర్తి గ్రానైటు ఉంది. బండలు కీళ్ళ దగ్గర ఆవిరిని వదులుతాయి, ఒకటి పగిలితే ఒక్కటే మార్చుకోవచ్చు. నునుపు చేసిన గ్రానైటు తడిస్తే జారుతుంది, మంటతో గరుకు చేసినదే కారు షెడ్డుకు తీసుకోవాలి. ఇవన్నీ ఉండగా మెరుపు కోసం చెమ్మ నేలను ప్లాస్టిక్‌తో కప్పడం ఎందుకో నాకు అర్థం కాదు.

నల్లరేగడి వైపు పత్తి, మిరప పండించే ఇంటి షెడ్డులో కారు కన్నా ట్రాక్టరే ఎక్కువసేపు ఉంటుంది. దమ్ము చక్రాలతో ట్రాక్టర్ ఎక్కిన నేల మీద ఏ పూతా నిలవదు, ఆ ఇనుప అంచు కాంక్రీటునే చెక్కుతుంది. చక్రాలు మార్చే చోటు షెడ్డు బయట పెట్టుకోవడమే దానికి మందు. డీజిలు, హైడ్రాలిక్ నూనె, పురుగుమందు డబ్బాలు ఉండే ఆ నేల మీదే వాన వచ్చిన రోజు మిరపకాయలు పరచడం పల్లెల్లో మామూలే. ఒకప్పుడు పేడతో అలికిన కల్లం వేరు, బండి నిలిపే చోటు వేరు. ఇప్పుడు రెండూ ఒకటైపోయాయి. ఎపాక్సీ పూసిన నేల శుభ్రంగా కనిపిస్తుంది కాబట్టి ధైర్యంగా కాయ పోస్తారు. మెరిసే నేల మీద పడిన మందు చుక్క కాంక్రీటులోకి ఇంకదు, పైనే ఉండి కాయకు అంటుతుంది. పూత ఉన్నా లేకున్నా పట్టా పరచకుండా ఆ నేల మీద తినే పంట పోయకూడదు.

పరీక్ష నెగ్గి పూత వేయాలనుకున్నవారికి పనిరోజు సంగతులు కొన్ని. ద్రావకం లేని ఎపాక్సీ ఒక లీటరు 100 మైక్రాన్ల మందాన 10 చదరపు మీటర్లకు వస్తుంది. 3 మీటర్ల వెడల్పు, 6 మీటర్ల పొడవు ఉన్న షెడ్డు 18 చదరపు మీటర్లు, 300 మైక్రాన్ల మందానికి 5.4 లీటర్లు పోవాలి. రెండు లీటర్లతో రెండు కోటింగులు వేశామంటే ఎంత మందం వచ్చిందో ఎవరైనా లెక్క కట్టుకోవచ్చు. నీరు కలిపే రకంలో సగం నీరే ఉంటే లెక్క రెట్టింపు. రెండు డబ్బాల పాళ్ళు తూకంతోనే కలపాలి, కంటి అంచనాతో కలిపిన చోట పూత జిగురుగా మిగిలిపోతుంది. పది డిగ్రీలు వేడి పెరిగితే కలిపిన ఎపాక్సీ పనికివచ్చే సమయం దాదాపు సగానికి పడిపోతుంది. కాబట్టి మే నెలలో కలిపిన బకెట్‌ను అలాగే ఉంచితే దానంతట అదే పొగలు కక్కుతుంది, కలిపిన వెంటనే నేల మీద పోసి పరచాలి. పొద్దున ఎండెక్కుతుండగా వేస్తే కాంక్రీటు రంధ్రాల్లోని గాలి వేడెక్కి పైకి వచ్చి పూతలో సూది బెజ్జాలు చేస్తుంది. కాంక్రీటు చల్లారే సాయంత్రం పూట వేయడం మంచిది. కానీ తీరంలో సాయంత్రానికి ఇంకో గొడవ ఉంది. గాలి 28 డిగ్రీలు, తేమ 85 శాతం ఉంటే మంచు పట్టే ఉష్ణోగ్రత సుమారు 25. నేల ఉష్ణోగ్రత దానికి కనీసం 3 డిగ్రీలు పైన ఉండాలి, లేకపోతే ఆరని పూత మీద కంటికి కనపడని తేమ పట్టి పాలపొర కడుతుంది, దాని మీద వేసిన రెండో కోటింగు పట్టదు. ఈ రెండు చిక్కుల మధ్య మిగిలే సమయం సంక్రాంతి దాటాక మార్చి దాకా, మధ్యాహ్నం మూడు నాలుగు గంటల నుంచి చీకటి పడేలోపు. ఆ తర్వాత కారు కనీసం వారం బయటే ఉండాలి.

ఈ పని చేసే మనుషుల గురించి ఎవరూ అడగరు. పొడిగా గ్రైండింగ్ చేస్తే లేచే దుమ్ములో ఇసుక పొడి ఉంటుంది, అది ఊపిరితిత్తుల్లో చేరితే తిరిగి రాదు. తడిపి రుద్దాలి లేదా దుమ్ము పీల్చే యంత్రం తగిలించాలి, ముక్కుకు గుడ్డ కట్టుకుంటే చాలదు. ఎపాక్సీ, అమీన్ చర్మానికి పదేపదే తగిలితే దద్దుర్లు వస్తాయి, ఒకసారి శరీరానికి అది పడకుండా పోయిందంటే ఆ పని జన్మలో చేయలేరు. పాలీయూరితేన్ రెండో డబ్బాలోని ఐసోసయనేటు ఆస్తమా తెస్తుంది, మూసిన షెడ్డులో స్ప్రే చేయించకూడదు. జీడి ఒలిచే చేతులకు చేతొడుగులు అవసరమని తెలిసిన ఊరు, అదే పెంకు నూనెతో తయారైన ఫినాల్కమైన్‌ను ఉత్త చేతులతో కలిపే కుర్రాడికీ చేతొడుగులు ఇవ్వాలి. ఇంటి యజమాని ఆ ఖర్చు బిల్లులో విడిగా రాయించుకోవచ్చు.

ఇల్లు ఇంకా కట్టని వారికి, పాత బెడ్ పాడైన వారికి మాత్రం వీటన్నిటికన్నా తేలికైన దారి ఉంది. ఊళ్ళో సిమెంటు రోడ్లు మీద మీద వేసుకుంటూ పోవడంతో చాలా షెడ్లు వీధికన్నా పల్లమైపోయాయి, వాననీరు లోపలికి వస్తోంది. ఎలాగూ నేల ఎత్తు పెంచవలసినప్పుడు పాత బెడ్ మీద 250 మైక్రాన్ల ప్లాస్టిక్ పట్టా పరిచి, దాని మీద నాలుగంగుళాల కొత్త కాంక్రీటు వేసుకోవాలి. 18 చదరపు మీటర్ల షెడ్డుకు అది 1.8 ఘనపు మీటర్ల కాంక్రీటు. పట్టా అంచులు ఒకదాని మీద ఒకటి జానెడు ఎక్కాలి, గోడ దగ్గర బెడ్ మందం దాకా పైకి మడవాలి, కంకర పోసేటప్పుడు పార తగిలి చిరగకూడదు, చిరిగితే అక్కడికక్కడే అతుకు వేయాలి. కింద నీరు ఇంకే దారి లేదు కాబట్టి ఈ బెడ్ పైనుంచి నెమ్మదిగా ఆరుతుంది, వారానికి తగ్గకుండా నీళ్ళు కట్టకపోతే అంచులు పైకి లేస్తాయి. మామూలుగా 28 రోజులకు పూత వేయవచ్చంటారు, పట్టా మీది కాంక్రీటుకు ఆ గడువు చాలదు, తేమ కడ్డీ పెట్టి చూసుకోవాలి. ఆ బెడ్ మీద ఎపాక్సీ నిలుస్తుంది, వేయకపోయినా నేల పాడవదు. పట్టా పరిచే పూట యజమాని మేస్త్రీ పక్కనే ఉండాలి, కాంక్రీటు పడ్డాక దానిలోని చిరుగు ఎవరికీ కనపడదు.